గోలీ మింగేదాకా ఫోన్ పెట్టని సిస్టరమ్మ

సిస్టరమ్మ చనిపోయిందన్న కబురు ఆమె ఫోన్ నుంచే వచ్చింది. సోమవారం పొద్దున నూలు కండెలు చుట్టే మెషీను ముందు కూర్చున్నాను. పక్కన పెట్టుకున్న ఫోన్ మోగింది. చూస్తే ఆమె నంబరే. చాలా రోజులకు చేసిందన్న సంబరంలో మెషీను ఆపి, అలవాటు కొద్దీ, "ఇడ్లీ తిన్న సిస్టరమ్మా, గోలీ ఏస్కున్న" అనేశాను. అవతల వేరే ఆడపిల్ల గొంతు వినిపించింది. "నేను వాళ్ల బిడ్డను మాట్లాడుతున్న. మమ్మీ నిన్న పొద్దుగూకంగ చనిపోయింది. ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి చేసి చెప్తున్న. రేపు పదకొండు గంటలకు చర్చిల..." అని ఆగి, "మీరెవరక్కా? ఇందుల మీ పేరు బీరకాయ అని ఉన్నది" అంది.

ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. "తెలిసినోళ్లం బిడ్డా" అని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి దగ్గర నుంచి మా అత్తమ్మ "ఎవలే ఫోన్ల?" అని కేకేసింది. చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసి వచ్చి గడప మీద కూర్చుంది.

చదివేవాళ్లకు ఒక మాట ముందే చెప్పేస్తాను. నాకు హెచ్‌ఐవీ ఉంది. మా ఆయనకూ ఉంది. రోజుకొక గోలీ వేసుకుంటాం, పని చేసుకుంటాం, తింటాం, తగాదాలు పడతాం, మళ్లీ మాట్లాడుకుంటాం. అందరి సంసారం లాంటిదే మాదీ. మాది మరమగ్గాల ఊరు. ఊరి పేరు, నా పేరు రాయను. సిగ్గుపడి కాదు, నా బిడ్డ రేపు బడికి పోవాలి, మా వాడకట్టు నోళ్ల సంగతి నాకు తెలుసు. సిస్టరమ్మ పేరు కూడా రాయను. ఆమె ఫోన్‌లో మా పేర్లు ఎట్లా లేవో, నా రాతలో ఆమె పేరూ అట్లాగే ఉండదు. ఆమెను ఎరిగినవాళ్లకు పేరు అక్కర్లేదు.

ఆమె ముప్ఫై ఏళ్లకు పైగా ఆస్పత్రుల్లో నర్సుగా చేసింది. వాళ్లది మిషను కుటుంబం. తాత కాలం నుంచీ మెథడిస్టు చర్చికి పోయేవాళ్లు. తండ్రి వ్యవసాయ కూలీ. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని, కరీంనగర్లో ఫోన్ మీద రోగులను చూసుకునే చోట చేరింది. ఒక గది, నలుగురు నర్సులు, నాలుగు బల్లలు. మాలాంటివాళ్లకు మందు సెంటర్లో ఇస్తారు. దాన్ని రోజూ ఒకే వేళకు మింగుతున్నామా, మింగితే తల తిరుగుతోందా, కడుపులో తిప్పుతోందా, పరీక్షకు ఎప్పుడు పోవాలి, ఇవన్నీ ఫోన్లో అడిగి కనుక్కునే పని వాళ్లది. జమ్మికుంట మిల్లుల్లో పనిచేసేవాళ్ల నుంచి ఉట్నూర్, జైనూర్ గుట్టల మీది వాళ్ల దాకా ఆమె లెక్కలో ఉండేవాళ్లు.

వీడియో కాల్ అంటే ఆమెకు ఎంత అనుభవమున్నా ఫోన్ పట్టుకోవడం మాత్రం చివరిదాకా రాలేదు. మాకు కనబడేది ఆమె నుదురు, నెరిసిన పాపట, పైన తిరిగే ఫ్యాను. అంతే. "సిస్టరమ్మా, జర కిందికి పెట్టుండ్రి" అంటే ఒకసారి గడ్డం కనబడేది, మళ్లీ నుదురే. "నన్ను చూసి ఏం జేస్తవ్? నిన్ను నేను చూడాలె గని" అనేది.

నాకు జబ్బు ఉందని తెలిసింది పెళ్లైన రెండో ఏడు. మా ఆయనకు దగ్గు పట్టుకుని తగ్గక, టీబీ అన్నారు. ఆ పరీక్షల్లోనే ఇదీ బయటపడింది. తర్వాత నాకు చేశారు. ఎట్లా వచ్చిందని ఆయన్ని ఒక్కసారే అడిగాను. తల దించుకున్నాడు. మళ్లీ అడగలేదు. అడిగితే తగ్గే జబ్బయితే రోజూ అడిగేదాన్ని.

మాది రెండు గదుల ఇల్లు. ఒక గది మాది, ఒక గది అత్తమ్మది. వంటా, కండెల మెషీనూ అత్తమ్మ గదిలోనే. ఆమెకు చెప్పకూడదని మేమిద్దరం ఒట్టు వేసుకున్నాం. మందు డబ్బాను కండెల బుట్ట అడుగున దాచాను. అత్తమ్మ సాయంత్రం పక్కింటికి టీవీ చూడ్డానికి పోయే వేళను గోలీ వేళ చేసుకున్నాం.

సిస్టరమ్మ మొదటి కాల్ అప్పుడే వచ్చింది. నేను నమ్మలేదు. ఆస్పత్రి వాళ్లు అంటూ ఎవరో ఊళ్లో వాళ్లే ఆరా తీస్తున్నారనుకున్నాను. "గోలీ ఏస్కున్నవా బిడ్డా?" అంటే "ఏస్కున్న" అన్నాను. నిజానికి వేసుకోలేదు. రెండు రోజులుగా కడుపులో తిప్పుతోందని మానేశాను.

"ఎప్పుడు ఏస్కున్నవ్?"

"గిప్పుడే."

"మంచిది. నాతోని అబద్ధం ఆడొచ్చు బిడ్డా, నాకు నష్టం లేదు. నీ రక్తంతోని మాత్రం ఆడలేవు. అది రేపు కాయితం మీద రాసి చూపెడతది. పా, నీళ్లు తెచ్చుకో. నేను గీడనే ఉంట."

ఫోన్ పెట్టలేదు. నేను నీళ్లు తెచ్చుకుని, బుట్ట తవ్వి, గోలీ తీసి, మింగేదాకా అట్లాగే ఉంది. మింగాక కూడా వెంటనే పెట్టలేదు, ఏం కూర వండావని అడిగింది. బీరకాయ అన్నాను. పాలు పోసి వండావా, టమాటా వేశావా అని అడిగింది. ఆ రోజు నుంచి ఆమె ఫోన్లో నా పేరు బీరకాయ, అది నాకు తెలిసింది మాత్రం ఆ సోమవారమే.

కోపం కూడా ఉండేది ఆమెకు. గోలీ మర్చిపోతే తిట్టేది కాదు. "మర్చిపోయినవా? మర్చిపోయిన అని చెప్పు. ఫోన్లకెళ్లి నా చెయ్యి రాదు, కొట్ట" అనేది. మర్చిపోయి, మర్చిపోలేదంటే మాత్రం ఊరుకునేది కాదు. మా ఆయన ఒకసారి అట్లాగే దొరికిపోయాడు. "సాంచె మీద ఒక పోగు తెగితె ఏం జేస్తవ్ కొడుకా?" అంది. "ఆపి ముడేస్త" అన్నాడు. "తెగలేదని నడిపిస్తె?" అంది. మా ఊళ్లో మరమగ్గాన్ని సాంచె అంటారు. నేత పని తెలియని మనిషికి ఆ మాట ఎక్కడ దొరికిందో గాని, ఆ తర్వాత ఆయన ఒక్క రోజు తప్పలేదు.

ఆమెను నేరుగా చూసింది ఒక్కసారే. మా అవ్వగారిల్లు, అదే నా పుట్టిల్లు, జమ్మికుంట. పత్తి వచ్చే రోజులు, మార్కెట్ రోడ్డంతా బండ్లు. నేను బస్సు దిగేసరికి బస్టాండులో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆ నుదురూ, ఆ పాపటా నేను గుర్తుపట్టకపోవడమేమిటి? "సిస్టరమ్మా" అనబోయాను. ఆమె నన్ను చూసింది, చూసి, ఎవరినో చూసినట్టు మొహం తిప్పుకుని బస్సెక్కింది. నాకు కడుపు మండిపోయింది. ఫోన్లో బిడ్డా బిడ్డా అంటుంది, ఎదురుపడితే పలకరించడానికి నామోషీ అనుకున్నాను. సాయంత్రం కాల్ వచ్చింది. ఎత్తకూడదనుకుని కూడా ఎత్తాను.

"పొద్దుగాల నిన్ను చూసిన. ఆకుపచ్చ చీర మంచిగున్నది నీకు."

"మరి మాట్లాడలేదేంది?"

"నీ పక్కన నలుగురు ఆడోళ్లు ఉండిరి. నేను పలకరిస్తె, గామె ఎవలే అని అడుగుతరు. నర్సు అంటవు. నర్సు నీకెట్ల తెలుసు అంటరు. గప్పుడేం జెప్తవ్?"

నేను కోపం మరిచి ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"జబ్బు నీ ఒంట్లె ఉన్నది బిడ్డా, నీ పేరుల లేదు. ఆ పేరు నేను ఖరాబు చెయ్య" అంది.

మూడేళ్లు మందు సరిగ్గా వాడాక నా వైరల్ లోడ్ తగ్గిపోయింది. వైరల్ లోడ్ అంటే రక్తంలో ఆ క్రిమి ఎంత ఉందో చూసే లెక్క. పరీక్షలో కనబడనంత కిందికి వచ్చిందని కాగితం మీద రాసి ఇచ్చారు. ఇట్లా ఉంటే పిల్లలను కనొచ్చని, మందు వదలకపోతే బిడ్డకు రాకుండా చూసుకోవచ్చని డాక్టరు చెప్పారు. నేను ఇంటికొచ్చి ఎంతసేపు నవ్వానో. పెళ్లై ఐదేళ్లు, మా అత్తమ్మ మొక్కని దేవుడు లేడు. మరుసటి ఏడు కడుపు నిలబడింది.

ఇప్పుడు నా తెలివి గురించి చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్లకు రక్తం పట్టడానికి ఐరన్ గోలీలు, ఎముకల బలానికి కాల్షియం గోలీలు ఇస్తారు కదా. మా వాడకట్టు ఆశా వర్కరు తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టిపోయింది. నాలుగేళ్లుగా బుట్టలో దాచుకుని దొంగతనంగా మింగినదాన్ని, నా ఎదురుగా ఇంత మంచి దారి కనబడితే ఊరుకుంటానా? నా గోలీని కూడా మూడోదిగా వాటిలో కలిపేశాను. "పెద్దాసుపత్రిల ఇంకోటి ఇచ్చిండ్రు అత్తమ్మా, గిది గూడ బలానికే" అన్నాను. పొద్దున లేచి మొహం కడగగానే, పరగడుపున, అత్తమ్మ స్వయంగా నీళ్ల గ్లాసు ఇస్తుంటే, మూడు గోలీలూ ఒక్క గుటకలో మింగేదాన్ని. ఆ ధీమా ఎంత బాగుందో చెప్పలేను. నా గోలీకి మొదటిసారి పొద్దున వెలుగు తగిలింది.

సిస్టరమ్మకు వేళ మార్చానని చెప్పాను. "రోజు గదే టైమా?" అంది. "గదే టైమ్" అన్నాను. పొద్దున పూట ఆమెకు చాలా కాల్స్, నేను "ఏస్కున్న" అని మెసేజ్ పెడితే చాలంది. దేనితో కలిపి వేసుకుంటున్నావని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

ఐదో నెలలో పరీక్ష చేస్తే వైరల్ లోడ్ పెరిగింది. ఏడాదిగా కనబడనిది మళ్లీ కనబడింది. కాన్పు నాటికి కిందికి రాకపోతే బిడ్డకు అంటుకునే ప్రమాదం ఉంటుందని, మందు మానేస్తున్నావా అని డాక్టరు అడిగారు. లేదన్నాను. డబ్బాలో మిగిలిన గోలీలు తీసి చూశారు. సరిగ్గా ఉండాల్సినన్నే ఉన్నాయి. ఆయన నా మొహం వంక చూశారు. పారేస్తున్నానని అనుకున్నారేమో.

ఇంతకంటే పెద్ద దెబ్బ సిస్టరమ్మ కొట్టింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "నిజం జెప్పు బిడ్డా. ఎన్ని రోజులు తప్పినవ్?" అంది. ఒక్క రోజు కూడా తప్పలేదన్నాను. "తప్పకుంటె ఎట్ల పెరుగుతది? కడుపుల బిడ్డ ఉన్నది, గిప్పుడు గూడ అబద్ధమేనా?" అంది. నేను ఏడ్చాను. మీరు గూడ నమ్మకుంటె నేనెవరికి చెప్పుకోవాలి అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. నా కంటే ముందు ఆమె ఫోన్ పెట్టింది అదొక్కసారే.

తర్వాత రెండు రోజులు నేను మెసేజ్ పెట్టలేదు. గోలీ మాత్రం మింగాను, కోపంతో ఇంకా గట్టిగా మింగాను. మూడో రోజు తెల్లవారి ఆమె వీడియో కాల్ చేసింది. "నాకు నిద్ర వడుతలేదు బిడ్డా. నేను గట్ల అనద్దు. నువ్వు తప్పలేదంటె తప్పలేదు. మరి ఎక్కడనో ఏదో అయితుంది. నేనేం మాట్లాడ. రోజు ఎట్ల ఏస్కుంటవో గట్లనే ఏస్కో, నేను చూస్త" అంది.

ఫోన్ గోడకు ఆనించి పెట్టాను. అత్తమ్మ నీళ్ల గ్లాసు తెచ్చింది. నేను అరచేతిలో మూడు గోలీలు వేసుకున్నాను, ఎర్రదొకటి, తెల్లవి రెండు. నోటి దగ్గరికి తెచ్చానో లేదో, తెర మీద ఫ్యాను మాయమైంది, నుదురు మాయమైంది, మొహమంతా వచ్చింది. అంత పెద్ద కళ్లని అప్పుడే చూశాను.

"ఆగు! ఆగాగు! మూడు ఒక్కసారేనా? ఏమన్న తిన్నవా?"

"లేదు సిస్టరమ్మా, పరగడుపునే. రెండు నెలల సంది గిట్లనే."

ఆమె తల పట్టుకుంది. పక్కనే అత్తమ్మ ఉంది. ఇప్పుడు ఈమె ఏం బయట పెడుతుందోనని ఫోన్ అందుకోబోయాను. ఆమె నా వైపు చూడలేదు, అత్తమ్మను పిలిచింది. "అమ్మా, నమస్తే. నేను ఆస్పత్రి నర్సును. మీ కోడలికి గోలీలు ఎవరు ఇస్తుండ్రు?"

"నేనే ఇస్తున్న."

"మంచి పని. జర చిన్న మార్పు చెయ్యాలె. గీ పెద్ద తెల్లగోలీ ఒక్కటే పొద్దుగాల, ఇడ్లీయో బువ్వో తిన్నంక. ఎర్రది పగటి బువ్వ తిన్నంక. ఇంకో తెల్లది రాత్రి బువ్వ తిన్నంక. మూడు ఒక్కతాన కడుపుల పడితె ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఒంటికి పట్టనియ్యవు. పొద్దుగాలది అస్సలు తప్పద్దు. గీ పని మీకే అప్పజెప్తున్న."

"గంతేనా? నేను చూసుకుంట. ఫికర్ జెయ్యకు" అంది అత్తమ్మ.

అంత సేపూ జబ్బు మాట ఒక్కటి రాలేదు. ఐరన్, కాల్షియం ఖాళీ కడుపున నా మందుతో కలిస్తే ఆ మందు సగం ఒంటికి పట్టదని నాకు తర్వాత విడిగా చెప్పింది. చెప్పి, "అడగాల్సింది నేను. ఏం టైమ్‌కు అని అడిగిన, దేనితోని అని అడగలే. తప్పు నాది" అంది. అరవై దాటిన మనిషి, నా ముందు తప్పు ఒప్పుకుంటే నాకెట్లానో అయింది. ఆ తర్వాత ఆమె ఎవరికి కాల్ చేసినా ముందు అడిగేది అదేనట, దేనితో వేసుకున్నావని.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నా గోలీకి అత్తమ్మ కాపలా. పొద్దున్నే ఇడ్లీ పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుని, గోలీ చేతిలో పెట్టేది. ఏ మందు ఇస్తోందో తెలియకుండా ఇంత శ్రద్ధగా ఇస్తోందని నాకు లోపల తప్పు చేస్తున్నట్టుండేది. ఎనిమిదో నెలలో పరీక్ష చేశారు. లోడ్ కిందికి వచ్చేసింది. సిస్టరమ్మ ఆ మాట చెప్తూ "దేవునికి స్తోత్రం" అని, వెంటనే "మీ అత్తకు గూడ" అంది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటల్లోనే బిడ్డకు చుక్కల మందు మొదలుపెట్టారు, ఆరు వారాలు వేయాలి. అది ఎట్లా వేయాలో నాకు తెలిసేది కాదు. సిస్టరమ్మ ఫోన్లో ఉండి, "చెంప లోపటికి వెయ్, నాలుక మీద కాదు. ఆఁ, గట్ల. నీ బిడ్డ నీకంటె హుషారుంది, మింగింది చూడు" అనేది. ఆరు వారాలకు పరీక్ష చేస్తే లేదన్నారు. ఆరు నెలలకు లేదు. ఏడాదికి లేదు. ఆఖరి పరీక్ష ఏడాదిన్నరకు. అది కూడా లేదంటే ఇక బిడ్డ పూర్తిగా బయటపడ్డట్టే.

ఆ ఆఖరి పరీక్ష దగ్గర పడుతుండగా ఒక రోజు వీడియోలో ఫ్యాను మారింది. తెల్ల ఫ్యాను పోయి గోధుమరంగు ఫ్యాను వచ్చింది. "సిస్టరమ్మా, ఇల్లు మారిండ్రా?" అన్నాను. "ఆఁ, మారినం" అంది. గొంతు సన్నగా ఉంది. అడిగితే జలుబంది. మళ్లీ రెండు వారాలకు ఇంకో ఫ్యాను. కడుపులో గడ్డకు ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిరుగుతూ, మంచం మీద పడుకుని మాకు కాల్ చేస్తోందని చర్చిలో వినేదాకా మాకెవరికీ తెలియదు. మాకు అబద్ధం ఆడొద్దని అన్నేళ్లు చెప్పిన మనిషి తను మాత్రం ఆడింది. నాకు ఇప్పటికీ కోపమే. చెప్పి ఉంటే పోయి పక్కన కూర్చునేదాన్ని కదా అని కోపం. కూర్చునేదాన్నో లేదో నాకే తెలియదు, ఎవరని చెప్పి కూర్చునేదాన్ని?

మంగళవారం చర్చికి పోయాం. అత్తమ్మ కూడా వస్తానంది, బిడ్డను ఎత్తుకుంది. జనం బాగానే ఉన్నారు. చుట్టాలు, పాత నర్సులు, చర్చి వాళ్లు ముందు. వెనక రెండు బెంచీల మీద మాత్రం ఒకరికొకరు తెలియనివాళ్లు, విడివిడిగా, తల దించుకుని కూర్చున్నారు. ఆమె ఎన్నడూ మాకు గ్రూపు పెట్టలేదు. పెడితే ఒకరికొకరు దొరికిపోతారనేది. పాటలయ్యాక ఆమె బిడ్డ వెనక్కి వచ్చి, ఒక ముసలాయనను చూసి, "తాతా, మీరెక్కడికెళ్లి వచ్చిండ్రు? మమ్మీ మీకెట్ల తెలుసు?" అని మర్యాదగా అడిగింది.

"ఉట్నూర్ దిక్కుకెళ్లి వచ్చిన. సిస్టర్ బాయి నాకు ఫోన్ల తెలుసు" అన్నాడు. తర్వాత, "నా పేరు పొట్లకాయ అని చెప్పినవు గద నిన్న ఫోన్ల" అన్నాడు.

బెంచీల మీద తలలన్నీ లేచాయి. నేను ఆయన్ని చూశాను. అవతల కూర్చున్న పిల్ల నన్ను చూసింది. చివరన ఉన్న లావుపాటి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు మాత్రం మేమంతా ఒకరి వెనక ఒకరు నిలబడ్డాం. అత్తమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఫోన్లో ఒక్కసారి చూసిన మనిషి కోసం ఇంత ఏడుపేమిటని నాకు ఆశ్చర్యమేసింది.

తర్వాతి వారం బిడ్డకు ఆఖరి పరీక్ష. టీకా అని చెప్పి బయలుదేరాను. అత్తమ్మ మళ్లీ వెంట వచ్చింది. రక్తం తీసేటప్పుడు బిడ్డను ఆమే ఒళ్లో పట్టుకుంది. తర్వాత బిడ్డతో బయట బెంచీ మీద కూర్చుంది, నేను లోపల ఉన్నాను. అన్ని పరీక్షలకూ సిస్టరమ్మ ఫోన్లో నాతో ఉండేది. ఈసారి ఫోన్ చేతిలో ఊరికే పట్టుకుని కూర్చున్నాను. పేరు పిలిచారు. కాగితం ఇచ్చారు. లేదు. బిడ్డకు లేదు. ఇక పరీక్షలు కూడా అక్కర్లేదన్నారు.

బయటికి వచ్చాను. మొహం తుడుచుకుని, మామూలుగా ఉండాలని చూశాను. అత్తమ్మ నా మొహం వంక చూసి, లేవకుండానే అడిగింది.

"పోరికి లేదు గదా?"

కాగితం కొంగు కిందికి లాక్కున్నాను. "ఏంది అత్తమ్మా?" అన్నాను.

"గదే. మీ ఇద్దరికి ఉన్నది. పోరికి లేదు గదా?"

"లేదు" అన్నాను. "లేదత్తమ్మా."

ఆమె కళ్లు మూసుకుని, బిడ్డను గుండెకు అదుముకుంది. కాసేపటికి తనే చెప్పింది. "కండెల బుట్టల డబ్బ నాకు ఎప్పుడో దొరికింది. మా చెల్లె కొడుకు గసోంటి డబ్బనే దాసుకునేటోడు. నడుమల బంద్ వెట్టిండు, పోయిండు. గందుకే గోలీ తప్పనియ్యలే నిన్ను. గా సిస్టరమ్మ నంబరు నీ ఫోన్ల చూసి పక్కింటి పిల్లతోని ఫోన్ కొట్టిచ్చిన. గిదేం గోలీ, నా కోడలికి ఏమైంది అని అడిగిన."

"ఏం జెప్పింది?"

"ఏం జెప్పలే. ఎన్నిసార్లు జేసినా చెప్పలే. మీ కోడల్ని అడుగు, నన్ను అడగకు అన్నది. అడిగితె అది చెప్తదా అన్న. గప్పుడు అన్నది, చెప్పాలని ఆమెకు అనిపించేటట్టు ఉండు అమ్మా, అని." అత్తమ్మ నా వైపు చూసింది. "రెండేండ్లు అయింది. గట్ల ఉన్ననా లేదా?"

సిస్టరమ్మ పొద్దున నాతో మాట్లాడేది. ఎప్పుడో పగటి పూట మా అత్తమ్మతో మాట్లాడేది. మా ఇంటి రెండు గదులూ ఆమె ఫోన్లో ఉన్నాయి, ఒక గది మాట ఇంకో గదికి ఒక్కటి పోనివ్వలేదు. ఇదంతా నాకు ఆమె పోయాకే తెలిసింది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన దగ్గు నుంచి మొదలుపెట్టి, ఏదీ దాచకుండా, అత్తమ్మకు చెప్పాను. బిడ్డ తల ఆమె ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. ఆస్పత్రి ముందు నుంచే మా ఊరి బస్సులు రెండు పోయాయి. బిడ్డ లేచేదాకా ఇద్దరం కదలలేదు.